నోట్సు ఎక్కడ రాసుకోవాలి? ఏడు వారాల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నేను యంత్రాల మాన్యువళ్లు తెలుగులోకి అనువదిస్తాను. పోయిన వారం ఒక పంపు మాన్యువల్ పూర్తి చేసి పంపాక, దాన్ని సరిచూసే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "మొదటి భాగంలో టార్క్ అన్నారు, చివరి భాగంలో బలభ్రామకం అన్నారు. రెండూ ఒకటేనాండీ? బిగించేవాడికి ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

రెండూ ఒకటే, బోల్టును తిప్పి బిగించే బలం. ఏ మాట వాడాలో నాలుగు నెలల క్రితమే తేల్చుకున్నాను కూడా. ఇద్దరు మెకానిక్కులతో మాట్లాడి, 'పని చేసేవాళ్లందరూ టార్క్ అనే అంటారు, అదే ఉంచాలి' అని రాసుకున్నాను. రాసుకున్న సంగతి గుర్తుంది. ఎక్కడ రాశానో గుర్తులేదు. ఫోన్‌లో నోట్స్ యాప్ చూశాను, నాకు నేనే పంపుకున్న మెయిళ్లు చూశాను, రెండు నోటుబుక్కులు తిరగేశాను, స్క్రీన్ చుట్టూ అంటించిన చీటీలు చదివాను. గంటన్నర తర్వాత ఒక పాత డైరీ వెనక అట్ట లోపలి వైపు, పెన్సిల్‌తో రాసింది కనపడింది.

ఇన్నేళ్లుగా నోట్సు రాసే సాధనాన్ని నేను చేతికి హాయిగా ఉందా లేదా అని చూసి ఎంచుకున్నాను. నున్నటి కాగితం, బాగా జారే పెన్ను, చూడముచ్చటైన యాప్. తిరిగి దొరుకుతుందా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఈ ఏడు వారాలూ ఆ ఒక్క ప్రశ్నతోనే కాగితాన్నీ, యాప్‌లనూ పరీక్షించబోతున్నాను. పరీక్ష ఇది: రాసిన పది రోజుల తర్వాత, ఏ నోటైనా ఒక్క నిమిషంలో దొరకాలి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని చూస్తాను.

2వ రోజు

ముందు నా నోట్సులో రకాలు విడదీశాను. కాగితం మంచిదా, కంప్యూటర్ మంచిదా అని మొత్తానికి ఒకే జవాబు వెతకడం వల్లే ఇంతకుముందు రెండుసార్లు ఈ పని మధ్యలో వదిలేశాను.

నాకు మూడు రకాలు ఉన్నాయి. మొదటిది పదాల నోట్సు: ఫలానా మాటకి ఫలానా తెలుగు, ఎందుకు అన్నది ఒక వాక్యం. చాలా చిన్నవి, కానీ ఏళ్ల తరబడి కావాలి. రెండోది ఫోన్ నోట్సు: ఎవరైనా మాట్లాడుతుండగా రాసుకునే గడువులు, మార్పులు, అంకెలు. వేగంగా రాయాలి, పది రోజులు దాటితే వీటితో పనుండదు. మూడోది చదువు నోట్సు. సంఖ్యాశాస్త్రం (స్టాటిస్టిక్స్) సొంతంగా నేర్చుకుంటున్నాను. బొమ్మలు, సూత్రాలు, బాణాలు, కొట్టివేతలు. వీటిని వెతకడం తక్కువ, రాస్తూ ఆలోచించడం ఎక్కువ.

ఈ మూడింటినీ ఒకే చోట కుక్కుతున్నాను. అందుకే నిన్నటి గంటన్నర.

5వ రోజు

ఈ రోజంతా కాగితం మీదే.

సైజు తేల్చడం తేలిక. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. దాన్ని సగానికి మడిస్తే ఏ5, అంటే 148, 210. ఇంకోసారి మడిస్తే ఏ6. ఎన్నిసార్లు మడిచినా పొడవు వెడల్పుల నిష్పత్తి మారదు, ఆ కొలతల అందమే అది. ఏ4 పుస్తకం బల్ల మీద కీబోర్డు పక్కన పట్టలేదు. ఏ6లో ఒక సూత్రం సాధించేలోపే పేజీ అయిపోయింది. ఏ5 ఉంచాను. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితమైతే ఒక ఏ5 ఆకు రెండున్నర గ్రాములు, వంద ఆకుల పుస్తకం అట్ట కాకుండా పావు కిలో. సంచిలో రోజూ మోయగలను.

నేను అనుకోని సమస్య గీతల దగ్గర వచ్చింది. చాలామంది మెచ్చుకునే 5 మిల్లీమీటర్ల చుక్కల కాగితం తీసుకున్నాను. అది ఇంగ్లీషు అక్షరాలకు సరిపోతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'రాష్ట్రం' అని రాసి చూడండి, 5 మిల్లీమీటర్లలో ట ఒత్తూ ర ఒత్తూ కింది వరుసలోని గుడిని గుద్దుకుంటాయి. రెండేసి గళ్లు కలిపి వాడితే 10 మిల్లీమీటర్లు, పేజీ సగం ఖాళీ. 6 మిల్లీమీటర్ల రూళ్లు కూడా ఇరుకే. 8 మిల్లీమీటర్ల రూళ్ల పుస్తకం దగ్గర చెయ్యి స్థిమితపడింది. చిన్నప్పుడు రూళ్ల పుస్తకాల్లో అక్షరాలు అంత కుదురుగా ఎందుకు వచ్చేవో ఇప్పుడు తెలిసింది.

పెన్నుల గురించి త్వరగా చెప్పేస్తాను. సిరా పెన్ను 70 జీఎస్ఎమ్ కాగితం మీద వెనక పేజీకి దిగింది. జెల్ పెన్ను బాగుంది, కానీ పేజీ తిప్పే తొందరలో అరచెయ్యి తగిలి అలుక్కుపోయింది. బాల్ పెన్ను కాస్త నొక్కి రాయాలి, అయినా వెంటనే ఆరుతుంది, నీళ్లు పడినా చెదరదు. పదాల నోట్సుకీ ఫోన్ నోట్సుకీ బాల్ పెన్ను. సూత్రాలకు హెచ్‌బీ పెన్సిల్. పెన్సిల్ గీత గ్రాఫైటు, అంటే కర్బనమే. వెలుతురుకు వెలిసిపోదు, తడికి కరగదు, రబ్బరుకు మాత్రమే లొంగుతుంది. ఆ పాత డైరీ అట్ట మీద నోటు నాలుగు నెలలు చెక్కుచెదరకుండా ఉన్నదీ పెన్సిల్ గీతే.

9వ రోజు

ఒక నష్టం జరిగింది. రుద్దితే చెరిగిపోయే సిరా ఉన్న పెన్ను ఒకటి మూడు రోజులుగా వాడుతున్నాను. తప్పు రాస్తే పెన్ను వెనక ఉన్న గట్టి ముక్కతో రుద్దితే చాలు, మచ్చ కూడా ఉండదు. నిన్న మధ్యాహ్నం ఆ పుస్తకాన్ని కారులో ముందు అద్దం దగ్గర ఎండలో వదిలేశాను. సాయంత్రానికి నాలుగు పేజీలు తెల్లగా ఉన్నాయి.

రబ్బరు ముక్క ఆ సిరాను తుడవదు. రుద్దినప్పుడు పుట్టే వేడికి సిరా రంగు కోల్పోతుంది. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కనపడకుండా పోతుంది. ఎండలో మూసి ఉన్న కారు అద్దం దగ్గర ఆ వేడి వస్తుంది. బాగా చల్లబరిస్తే రంగు తిరిగి వస్తుందని చదివి, పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున అక్షరాలు లేత బూడిదరంగులో తేలాయి. చదవగలిగాను, వెంటనే బాల్ పెన్నుతో తిరగరాశాను. నేను రుద్ది చెరిపేసిన తప్పులు కూడా వాటితోపాటే తిరిగొచ్చాయి, ఏది సరైనదో తేల్చుకోవడానికి ఇంకో అరగంట పట్టింది.

చిత్తు గీతలకు ఆ పెన్ను ఉంచుకుంటాను. దాచుకోవాల్సిన దేన్నీ దానితో రాయను.

12వ రోజు

యాప్‌ల వంతు. ఒక్కొక్కదాన్ని పొగుడుతూ పోవడం నాకు ఇష్టం లేదు. ప్రతి యాప్‌నూ ఒకటే అడిగాను: రేపు నువ్వు లేకపోతే నా నోట్సు ఏ రూపంలో నా చేతికి వస్తాయి?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. గూగుల్ నోట్‌బుక్ అనే సేవ 2006లో మొదలై 2012లో మూతపడింది. పెద్ద సంస్థ నడుపుతున్నంత మాత్రాన నోట్సు యాప్‌కు ఆయుష్షు గట్టిదని అనుకోకూడదు. నా పదాల నోట్సు కనీసం పదేళ్లు నాతో ఉండాలి.

గూగుల్ కీప్ తెరిచీ తెరవగానే రాయొచ్చు, ఫోన్ నోట్సుకు దానంత చురుకైంది నాకు కనపడలేదు. బయటకు తీసుకోవాలంటే హెచ్‌టీఎమ్ఎల్, జేసన్ ఫైళ్లుగా ఇస్తుంది, ఒకటి వెబ్ పేజీల రూపం, రెండోది ప్రోగ్రాములు చదివే రూపం. వన్‌నోట్‌లో పేజీ మీద ఎక్కడ కావాలంటే అక్కడ రాయొచ్చు, బొమ్మ గీయొచ్చు. కానీ దాని ఫైలు రూపం దానికే సొంతం. నోషన్ పట్టికలకు చాలా బాగుంది. నాకు పట్టికలు అంతగా అక్కర్లేదు, పైగా నోట్సు ఉండేది వాళ్ల సర్వర్లో. జోప్లిన్ సోర్సు కోడు, అంటే దాన్ని తయారుచేసిన ప్రోగ్రాము రాత, అందరికీ తెరిచే ఉంటుంది. లోపల డేటాబేసులో దాచినా, అడిగితే మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఇచ్చేస్తుంది. అబ్సిడియన్ అసలు డేటాబేసులోనే దాచదు. నా కంప్యూటర్‌లో నేను చూపించిన ఫోల్డరులో, ఒక్కో నోటును ఒక్కో మామూలు ఫైలుగా ఉంచుతుంది. యాప్ తీసేసినా ఫైళ్లు అక్కడే ఉంటాయి.

మార్క్‌డౌన్ అంటే కంగారుపడనక్కర్లేదు. 2004లో జాన్ గ్రూబర్ అనే ఆయన తెచ్చిన చిన్న రాత పద్ధతి అది. శీర్షిక ముందు ఒక హ్యాష్ గుర్తు, జాబితా ముందు ఒక అడ్డగీత, అంతే. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ సాదా ఎడిటర్‌లోనైనా తెరిచి చదవొచ్చు. నాకు నచ్చింది యాప్ కన్నా ఈ సాదా ఫైలే. కంప్యూటర్లు అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు పడతాయి. వెయ్యి గుర్తుల నోటు మూడు కిలోబైట్లు. అలాంటివి పదివేలు రాసినా 30 మెగాబైట్లే, ఫోన్‌లో ఒక చిన్న వీడియో అంత.

పదాల నోట్సు అబ్సిడియన్‌లో మొదలుపెట్టాను. ఫోన్ నోట్సు ఇంకా తేలలేదు.

16వ రోజు

ఈ రోజు రాసేదే మొత్తం డైరీలో నాకు ముఖ్యమైంది. తెలుగులో వెతకడం గురించి.

నాలుగు రోజుల క్రితం నీటి పంపు గురించి ఒక నోటు రాశాను. ఈ రోజు 'నీరు' అని వెతికితే రాలేదు. నేను ఆ నోటులో 'నీటి ఒత్తిడి' అనీ 'నీళ్లు కారితే' అనీ రాశాను, 'నీరు' అని ఎక్కడా రాయలేదు. యాప్ తప్పేమీ లేదు. మన భాషలో మాట విభక్తిని బట్టీ వచనాన్ని బట్టీ రూపం మార్చుకుంటుంది. నీరు, నీటి, నీళ్లు. రాయి, రాతి, రాళ్లు. ఇల్లు, ఇంటి, ఇళ్లు. ఇంగ్లీషులో చాలా మాటలకు చివర ఒక ఎస్ చేరుతుంది, అంతే. అక్కడి వాళ్లు రాసే వెతుకులాట చిట్కాలు మనకు సగమే పనికొస్తాయి.

సాయంత్రం వరకూ కూర్చుని నా నోట్సు మీదే ప్రయోగాలు చేశాను. తేలినవి ఇవీ.

సున్నతో ముగిసే మాటలకు చివరి సున్న తీసేసి వెతకాలి. 'యంత్రం' అని వెతికితే 'యంత్రంలో' దొరుకుతుంది కానీ 'యంత్రాలు', 'యంత్రాన్ని', 'యంత్రపు' దొరకవు. 'యంత్ర' అని వెతికితే అన్నీ వస్తాయి. ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో 'త్రా' అనేది త, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు గుర్తుల వరుస. దీర్ఘం ముందున్న వరుస వరకూ కలిస్తే చాలు. కొన్ని యాప్‌లు మాట మొత్తం కలిస్తేనే చూపిస్తాయి. అలాంటి యాప్ తెలుగు నోట్సుకు పనికిరాదని నా నిర్ణయం, మిగతా హంగులు ఎన్ని ఉన్నా సరే.

బయటి నుంచి వచ్చిన మాటలకు చివరి పొల్లు కూడా తీసేయాలి. నేను ఒకచోట 'ఫిల్టర్' అనీ ఇంకోచోట 'ఫిల్టరు' అనీ రాస్తున్నాను. 'ఫిల్టర' అని వెతికితే రెండూ వస్తాయి.

మూడోది కంటికి కనపడనిది. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా విడిగా కనపడాలంటే, పొల్లు తర్వాత ఒక అదృశ్య గుర్తు ఉండాలి. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే వెడల్పు లేని, అక్షరాలను అతకనివ్వని గుర్తు. నా కంప్యూటర్ కీబోర్డు దాన్ని వేస్తోంది, ఫోన్ కీబోర్డు కొన్నిసార్లు వేయట్లేదు. ఫోన్‌లో రాసిన మాటకీ కంప్యూటర్‌లో వెతికే మాటకీ మధ్య ఆ గుర్తు తేడా వస్తే, కొన్ని యాప్‌లలో నోటు దొరకదు. అందుకే అలాంటి మాటల్లో 'సాఫ్ట్' వరకే వెతుకుతున్నాను.

నీరు, రాయి లాంటి మాటలకు ఈ చిట్కాలేవీ సాయం చేయవు. వాటికోసం ప్రతి నోటు చివర ఒక వరుస చేర్చాను. 'మాటలు:' అని రాసి, ఆ నోటుకు సంబంధించిన మూడో నాలుగో మాటలు నిఘంటువులో ఉండే రూపంలో, ప్రథమా విభక్తిలో, ఏకవచనంలో. నీటి పంపు నోటు చివర ఇప్పుడు 'మాటలు: నీరు, పంపు, ఒత్తిడి, కారడం' అని ఉంది. ఒక్కో నోటుకు పది సెకన్లు పడుతుంది. రెండు స్పెల్లింగులు వాడుకలో ఉంటే రెండూ రాస్తున్నాను: బ్యాంకు, బాంకు.

ఈ వరుస రాస్తుంటే ఇంకో లాభం కనపడింది. ఏ మాటలు రాయాలో తోచకపోతే, ఆ నోటులో విషయం నాకే సరిగ్గా తెలియలేదని అర్థం. అలాంటి రెండు నోట్లు ఈ రోజే తిరగరాశాను.

19వ రోజు

చిన్న సంగతి. ఒక నోటుకు పేరుగా పెద్ద వాక్యమే పెట్టాను. విండోస్ కంప్యూటర్‌లో బాగానే ఉంది, లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాప్‌టాప్‌కు చేరలేదు. లైనక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతిలో, ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అయితే 255 అక్షరాలు. తెలుగులో గుర్తుకు 3 బైట్లు కాబట్టి 85 గుర్తులే. గుణింతాలు, పొల్లులు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. 'నోట్సు' అన్న చిన్న మాటే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇకమీద ఫైలు పేరులో ఐదు మాటలు దాటను. ముందు తేదీ, అదీ ఏడాది, నెల, రోజు వరుసలో. అలా రాస్తే పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది.

23వ రోజు

చదువు నోట్సు. వారం రోజులు కంప్యూటర్‌లో, వారం రోజులు కాగితం మీద రాసి చూశాను.

చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందని అందరూ అంటారు. దీని మీద ఎక్కువగా ఉదహరించేది ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం. ల్యాప్‌టాప్‌లో రాసుకున్న విద్యార్థులు విన్నది విన్నట్టు ఎక్కువగా టైపు చేశారు, భావాలకు సంబంధించిన ప్రశ్నల్లో వెనకబడ్డారు. కానీ 2019లోనూ 2021లోనూ వేరే బృందాలు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే అంత స్పష్టమైన తేడా రాలేదు. అందుకని ఆ ఒక్క అధ్యయనం పేరు చెప్పి నేను కాగితాన్ని ఎంచుకోను.

నా కారణం వేరు. నమూనా విస్తృతిని (వేరియన్స్) లెక్కకట్టేటప్పుడు ఎన్‌తో, అంటే మొత్తం ఎన్ని అంకెలున్నాయో ఆ సంఖ్యతో, కాకుండా ఎన్ మైనస్ 1తో ఎందుకు భాగిస్తారో అర్థం చేసుకోవాలని కూర్చున్నాను. కంప్యూటర్‌లో ఆ సూత్రం టైపు చేయడానికే నా ధ్యాసంతా పోయింది. కాగితం మీద మూడు అంకెలు రాసుకున్నాను: 2, 4, 9. సగటు 5. తేడాలు మైనస్ 3, మైనస్ 1, 4. మూడూ కూడితే సున్న. అంటే రెండు తేడాలు తెలిస్తే మూడోది దానంతట అదే తెలిసిపోతుంది, దానికి స్వేచ్ఛ లేదు. ఆ మూడో అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్న చుట్టి, బాణం గీసి 'వీడికి స్వేచ్ఛ లేదు' అని పక్కన రాశాను. ఎన్ మైనస్ 1 ఎక్కడి నుంచి వస్తుందో ఆ బాణం గీస్తున్నప్పుడు అర్థమైంది. ఇలాంటి బాణం కీబోర్డుతో రాదు.

పేజీని ఎలా విభజించాలన్నదానికి అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ పద్ధతి తీసుకున్నాను. ఎడమ వైపు సన్నటి పట్టీ, కుడి వైపు వెడల్పాటి భాగం, అడుగున నాలుగు వరుసలు. కుడి వైపు రాసుకుంటాం. ఆ తర్వాత ఎడమ పట్టీలో ప్రశ్నలు రాస్తాం, అడుగున సారాంశం. ఎడమ పట్టీ నాకు బాగా పనికొచ్చింది: కుడి భాగాన్ని అరచేత్తో మూసి ప్రశ్నకు జవాబు చెప్పుకుంటున్నాను. అడుగున సారాంశం మాత్రం రెండో రోజు నుంచే రాయలేదు. దానికి బదులు ఆ జాగాలో సందేహాలు రాస్తున్నాను, అవే మర్నాటికి పని.

28వ రోజు

కాగితం గెలిచిన చోట వెతకడం ఎలా? నోటుబుక్కుకు వెతుకుపెట్టె లేదు కదా.

పేజీ అంకెలు వేసి వెనక విషయసూచిక రాయడం మామూలు పద్ధతి. అది రాసిన క్రమంలోనే పెరుగుతుంది. నలభై పేజీలయ్యేసరికి సూచికలోనే వెతుక్కోవాల్సి వస్తుంది. దీనికి చాలా పాత జవాబు ఒకటి దొరికింది. తత్వవేత్త జాన్ లాక్ తన నోటుబుక్కులకు సూచిక కట్టుకునే పద్ధతిని 1686లో ఫ్రెంచిలో ప్రచురించాడు. పుస్తకం మొదట్లో రెండు పేజీల నిండా గళ్లు గీశాడు. ఇరవై అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఐదు అచ్చులు, మొత్తం వంద గళ్లు. విషయం పేరులో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు చూసి, ఆ గడిలో పేజీ అంకె వేస్తాడు.

ఇది చదివినప్పుడు చాలా సంతోషం కలిగింది. ఆయన మాటలోకి వెళ్లి అచ్చును ఏరుకోవాలి. తెలుగులో ఆ పని లిపే చేసి పెట్టింది, మొదటి అక్షరంలోనే హల్లూ అచ్చూ కలిసి ఉంటాయి. మన గుణింతమే ఆ గళ్ల పట్టిక.

ఏ5 పుస్తకం మొదటి రెండు పేజీల్లో గీశాను. నిలువు గళ్లు ఐదు: అ ఆ ఒకటి, ఇ ఈ ఒకటి, ఉ ఊ ఋ ఒకటి, ఎ ఏ ఐ ఒకటి, ఒ ఓ ఔ ఒకటి. అడ్డ వరుసలు పంతొమ్మిది: అచ్చులకు ఒకటి. తర్వాత క ఖ, గ ఘ, చ ఛ, జ ఝ, ట ఠ, డ ఢ, త థ, ద ధ, న ణ, ప ఫ, బ భ. మ, య, ర విడివిడిగా. ల ళ కలిపి, వ విడిగా, శ ష స కలిపి, చివర హ. మొత్తం 95 గళ్లు. 8 మిల్లీమీటర్ల రూళ్లున్న ఏ5 పేజీలో పంతొమ్మిది వరుసలు హాయిగా పట్టాయి.

ఉదాహరణకు 'విస్తృతి' వ వరుసలో ఇ గడి. 'సగటు' స వరుసలో అ గడి. 'క్షేత్రం' లాంటివి క వరుసలోనే. 'స్క్రూ' అంటే స వరుసలో ఉ గడి, ఒత్తులు ఎన్నున్నా మొదటి హల్లూ, దానికి అంటిన గుణింతమూ చూస్తాను. గడిలో మాట రాయను, పేజీ అంకె మాత్రమే. ఒక గడిలో నాలుగైదు అంకెలు ఉన్నా, నాలుగైదు పేజీలు తిప్పి చూడటానికి నిమిషం పట్టదు. ఏది ఎక్కడ ఉందో కళ్లే చెబుతాయి.

34వ రోజు

ఒకే నోటును బస్సులో ఫోన్‌లోనూ, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లోనూ మార్చాను. బస్సులో నెట్ లేదు. రెండూ కలిసినప్పుడు, పరికరాల్లో ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్ సాఫ్ట్‌వేర్ రెండు ఫైళ్లు చేసి పెట్టింది, ఏది తాజాదో నేనే పోల్చుకోవాల్సి వచ్చింది. పావుగంట టెన్షన్. పోయింది ఏమీ లేదు, కానీ పోయి ఉండేది.

దానికో నియమం పెట్టుకున్నాను. ఫోన్‌లో పాత నోట్లను మార్చను. కొత్తవి మాత్రమే రాస్తాను, అవి 'రాక' అనే ఫోల్డరులో పడతాయి. సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వాటిని సరైన చోట చేరుస్తాను, 'మాటలు' వరుస అప్పుడే రాస్తాను.

బ్యాకప్ కూడా ఈ రోజే కుదిర్చాను. ఫొటోగ్రాఫర్లు, కంప్యూటర్ల వాళ్లు చెప్పే 3-2-1 నియమం: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. ల్యాప్‌టాప్, బయటి హార్డ్ డిస్క్, క్లౌడ్. ఫైళ్లకు ఇది పావుగంట పని. నోటుబుక్కుకు మాత్రం ఒకే ప్రతి ఉంది. ప్రతి ఆదివారం ఆ వారం పేజీలు ఫోన్‌తో ఫొటో తీస్తున్నాను. ఏ5 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 1748 ఇంటు 2480 పిక్సెళ్లు. ఇప్పటి ఫోన్ కెమెరాలకు అది లెక్కలోది కాదు. వెలుతురు మాత్రం పక్క నుంచి పడాలి, నెత్తి మీద లైటుంటే చేతి నీడ సగం పేజీని మింగేస్తోంది.

37వ రోజు

నచ్చనివి ఒక్కో వాక్యంలో. ట్యాబ్లెట్ మీద స్టైలస్ (తెర మీద రాసే పెన్ను): గీత బాగుంది, కానీ నా చేతిరాతను అది వెతకలేదు, నాకు అసలు కావలసిందే అది. గొంతుతో రాయించడం: నడుస్తూ తోచిన ఆలోచనకు చక్కగా ఉంది, విరామ చిహ్నాలు లేక వాక్యాలు కలిసిపోతాయి కాబట్టి అదే సాయంత్రం సరిచేయకపోతే నాకే అర్థం కాదు. ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చడం): అచ్చు తెలుగు పేజీలకు టెసెరాక్ట్ అనే ప్రోగ్రాము వాడుతున్నాను, చేతిరాత మీద ఆశ పెట్టుకోలేదు.

41వ రోజు

పరీక్ష. పది రోజులు దాటిన నోట్లలో పన్నెండింటిని ఎంచి, గడియారం పెట్టి వెతికాను. పదాల నోట్సు ఆరూ దొరికాయి, ఎక్కువ సమయం తీసుకున్నది కూడా అర నిమిషం లోపే. టార్క్ నోటుకు నాలుగు సెకన్లు. చదువు నోట్సు నాలుగింటిలో మూడు గళ్ల సూచికతో నిమిషంలోపు దొరికాయి. నాలుగోది దొరకలేదు: రాసిన రోజు సూచికలో అంకె వేయడం మరిచాను. ఫోన్ నోట్సు రెండింటిలో ఒకటి గూగుల్ కీప్‌లో ఉంది. రెండోది ఒక చీటీ మీద రాశాను, ఆ చీటీ ఇప్పుడు లేదు.

చీటీలంటే నాకు చిన్నచూపు లేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ జీవితకాలంలో దాదాపు 90,000 చీటీలు రాశాడు, అవన్నీ ఇప్పుడు బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కానీ ఆయన ప్రతి చీటీకీ ఒక సంఖ్య వేశాడు, ఒక చీటీ మీద ఇంకో చీటీ సంఖ్య రాశాడు. నా చీటీకి సంఖ్య లేదు, చోటు లేదు.

ఆ సంఖ్యల ఆలోచనను తీసుకున్నాను. నోటుబుక్కులకు వరుస సంఖ్యలు ఇచ్చాను. ఒకటో పుస్తకం 47వ పేజీ అంటే 'పు1-47'. కంప్యూటర్‌లో సంఖ్యాశాస్త్రం మాటలకు ఒక్కో చిన్న ఫైలు పెట్టి, అందులో 'బొమ్మతో సహా పు1-47 చూడు' అని రాస్తున్నాను. ఇప్పుడు కాగితం మీద ఉన్నదాన్ని కూడా వెతుకుపెట్టెతో పట్టుకోగలుగుతున్నాను.

49వ రోజు

ఫోన్ నోట్సు సంగతి చివరికి ఇలా తేలింది. బల్ల దగ్గర ఉంటే కీబోర్డు పక్కనే ఒక ఏ6 చిత్తు పుస్తకం, దారానికి కట్టిన బాల్ పెన్ను. మాట్లాడుతూ టైపు చేస్తే అవతలి వాళ్లకు కీల చప్పుడు వినపడుతుంది, నా చెవి కూడా సగమే పనిచేస్తుంది. బయట ఉంటే కీప్. రెండూ సాయంత్రం ఖాళీ అవుతాయి: పని ఉన్నది 'రాక' ఫోల్డరులోకి, లేనిది కొట్టివేతలోకి. విడి చీటీలు పూర్తిగా మానేశాను, స్క్రీన్ చుట్టూ ఇప్పుడు ఏమీ అంటించి లేదు.

నిన్న ఎడిటర్ గారికి కొత్త మాన్యువల్‌తో పాటు పదాల జాబితా కూడా పంపాను, ప్రతి మాట పక్కన ఎందుకు ఎంచుకున్నానో ఒక వాక్యంతో. "ఇది ముందే పంపి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవండీ" అన్నారు. ఇకనుంచి ప్రతి పనితోపాటూ పంపుతానని చెప్పాను.

మొదటి నోటుబుక్కు ఈ రోజు పూర్తయింది. సూచికలో స వరుస కిక్కిరిసిపోయింది. సగటు, సంభావ్యత, సహసంబంధం, శాతం, షరతు, సమితి అన్నీ ఒకే గడిలో, తొమ్మిది పేజీ అంకెలు. ఝ, ఠ, ఢ ఒక్కసారి కూడా రాలేదు. రెండో పుస్తకంలో శ ష ఒక వరుస, స ఒక వరుస చేశాను. అప్పుడు వరుసలు ఇరవై, గళ్లు వంద. పెన్సిల్‌తో గీసి, 1 నుంచి 200 వరకూ పేజీ అంకెలు ముందే వేసి పెట్టాను.